ఏలూరు నుంచి వచ్చిన కాయితం

“అన్నం పసుప్పచ్చగా ఉంది,” అన్నాడు పెద్దింటయ్య.

నూకాలమ్మ కొడుకు కంచంలోకి వంగి చూసింది. ఇంకా ఆవిరి పోని తెల్లటి అన్నం.

“తెల్లగానే ఉంది కదరా నాయనా.”

“లేదమ్మా. పులిహోర కలిపినట్టుంది. అన్నమొక్కటే కాదు, పొద్దున రేవు కాడ కూచుంటే కొల్లేరంతా పసుపునీళ్ళు చల్లినట్టు కనపడింది. ఎండ అలా పడుతోందేమోలే అనుకున్నాను.”

కంచం పక్కకి జరిపేశాడు. రెండు ముద్దలు కూడా తినలేదు. నిన్నా అంతే, మొన్నా అంతే.

ఏలూరు ఆసుపత్రి నుంచి అతను నత్తలంకకు తిరిగొచ్చి పన్నెండు రోజులయింది. వెళ్ళేటప్పుడు కాళ్ళు ఉబ్బి, ఆయాసంతో మాట రాక, ఇద్దరి భుజాల మీద దోనె ఎక్కాడు. మూడు వారాల తరవాత తన కాళ్ళతో తాను నడిచి దిగాడు. నాలుగు రోజులు లంకలో వాళ్ళంతా వచ్చి చూసి సంతోషించి పోయారు. అయిదో రోజు నుంచి తిండి సయించడం మానేసింది. ఆ తరవాత వికారం. ఇప్పుడిది.

“కామెర్లు,” అంది నూకాలమ్మ. “ఇంకేం కాదు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందని ఊరికే అన్నారా? ఒరే పోలయ్యా, దోనె తియ్యి. ఉంగుటూరులో పసరు పోసే ముసలాయన ఉన్నాడంట, అన్నని తీసుకుపోదాం.”

అన్నకు ఎదురుగా కూర్చుని తింటున్న పోలయ్య తల ఎత్తలేదు.

వంటింట్లోంచి మంగాయమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మొగుడి ముందు గొంతుక్కూర్చుని అతని గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది.

“పైకి చూడు.”

కింది రెప్ప లాగి చూసింది. రెండో కన్నూ చూసింది. గోళ్ళు చూసింది.

“కళ్ళు తెల్లగా ఉన్నాయత్తా. కామెర్లయితే ముందు ఈయన కళ్ళు మనకి పచ్చగా కనపడాలి. ఇక్కడ మనమే ఈయనకి పచ్చగా కనపడుతున్నాం.”

“నువ్వెప్పుడు నేర్చేవే వైద్యం? వాడొచ్చిన కాడ్నించి ఉప్పులేని కూడు పెడుతున్నావు. అది తిని తిని వాడి నోరు చచ్చిపోయింది. నేను పెట్టిన ఆ రెండు ముక్కలూ లేకపోతే ఈపాటికి...”

నూకాలమ్మ ఆగిపోయింది.

“ఏం ముక్కలత్తా?”

నూకాలమ్మ కొడుకు కంచం తియ్యబోయింది.

“ఉప్పుచేప పెట్టేవా?”

“పెట్టేను. కన్నదాన్ని. ముద్ద దిగక వాడు అవస్థ పడుతుంటే చూస్తూ కూచోమంటావా?”

“ఉప్పు తగలకూడదని నర్సమ్మ చెప్పిందత్తా. మళ్ళీ కాళ్ళకి నీరొస్తుందంది.”

“ఎవరితో చెప్పింది?”

“నాతో.”

“నాతో చెప్పలేదుగా. నువ్వూ చెప్పలేదు. మీరు ముగ్గురూ ఏలూరు వెళ్ళొచ్చేరు. ఇక్కడ నేనొక్కదాన్నీ మిగిలేను. వాడికేం పెట్టాలో ఏం పెట్టకూడదో నాకెవరు చెప్పేరు?”

కూరలో ఉప్పు మానేస్తే అత్త తనంతట తాను గ్రహించుకుంటుందనుకుంది మంగాయమ్మ. నోరు తెరిచి చెప్పలేదన్నది నిజం.

పెద్దింటయ్య లేచి గబగబా పెరట్లోకి పోయాడు. వాంతి చేసుకున్న శబ్దం వినపడింది. అత్తాకోడళ్ళు మాట ఆపేశారు. అతను మొహం కడుక్కుని వచ్చి నులకమంచం మీద పడుకుని, “మీరు పోట్లాడుకోకండి. ఆకలి లేదు, అంతే,” అన్నాడు. “ఆ సీసా మందు ఇలా ఇవ్వు. వేళయింది.”

సీసా గుండుగొలనులో అచ్యుతరావు ఇచ్చింది. పదిహేనేళ్ళు కాంపౌండరుగా చేసి సొంతంగా వైద్యం పెట్టుకున్న మనిషి. లంకల్లో వాళ్ళందరికీ డాక్టరుగారు ఆయనే. ఏడాదిగా ఆయాసానికి పెద్దింటయ్య వాడుతున్నది ఆ ఎర్రమందే. సీసాకి నిలువునా అంటించిన చీటీ మీద మోతాదుకొక గాటు. పూటకొక గాటు. పొద్దున మాత్రం దానితోపాటు ఏలూరులో ఇచ్చిన తెల్ల మాత్ర.

మంగాయమ్మ ఔన్సు గ్లాసులోకి మందు వంచబోయి ఆగింది. ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ ఈ సీసా లేదు. ఈ మందు లేకుండానే కాళ్ళ వాపు తీసింది. ఇంటికి పంపిస్తున్న రోజు తను నర్సమ్మను అడిగింది కూడా, మా ఊరి డాక్టరుగారి సీసా మందు మళ్ళీ వాడొచ్చా అని. “డాక్టరుగారు కాయితంలో అన్నీ రాశారమ్మా, మీ మరిదికిచ్చారు” అని చెప్పి నర్సమ్మ ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. బస్సులో పోలయ్యను అడిగితే, మళ్ళీ వెళ్ళినప్పుడు చూపించే చీటీ అంతే వదినా, అన్నాడు.

“పోలయ్యా, ఆ కాయితం ఎక్కడుందిరా?”

పోలయ్య కంచం ముందు నుంచి లేచాడు. సగం అన్నం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని రేవు వైపు వెళ్ళిపోయాడు.

మంగాయమ్మ గ్లాసులోని మందు తిరిగి సీసాలో పోసి బిరడా పెట్టింది.

“ఈ పూటకి వద్దులే,” అంది మొగుడితో. “కాసేపు పడుకో.”

*

పోలయ్య దోనెలో నీళ్ళు తోడుతున్నాడు. తోడడానికి అందులో నీళ్ళేం లేవు.

మంగాయమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి పోలయ్యకు ఆరేళ్ళు. అప్పటికే తండ్రి లేడు. ఆమెకు పిల్లలు కలగలేదు. అన్నం కలిపి పెట్టిన చెయ్యీ, అబద్ధం చెబితే వీపు మీద వేసిన చెయ్యీ ఆమెదే. ఇప్పుడతనికి ఇరవై అయిదు.

“కాయితం అడిగేను.”

“గుండుగొలనులో బస్సు దిగినప్పుడు ఎక్కడో పడిపోయింది వదినా.”

“పడిపోయిందా?”

“ఊఁ.”

“నా మొహం చూసి చెప్పు.”

పోలయ్య చేతిలోని ఉత్త చెంబు పక్కన పెట్టాడు. కలుపు మొక్కల మధ్య నుంచి ఒక నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని దోనె పక్కగా పోయింది.

“డాక్టరుగారు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచేరు,” అన్నాడు చివరికి. “మీ అన్న గుండె అరిగిపోయిందయ్యా, అన్నారు. ఇక గెడ పట్టి దోనె నడపకూడదంట. వల లాగకూడదంట. బరువెత్తకూడదంట. అలా ఉంటే కొన్నేళ్ళు ఉంటాడు, లేకపోతే చెప్పలేనన్నారు. నువ్వే మెల్లిగా చెప్పమన్నారు.”

మంగాయమ్మ రేవు మెట్టు మీద కూర్చుంది.

“నేనెలా చెప్పను వదినా? ఆయన బస్సు దిగేడో లేదో, వేసంగికి కొత్త దోనె తొలిపిద్దాంరా, మంచి తాడిమాను చూడు, అన్నాడు. రోజూ అదే మాట. మొన్న మానుకి కొలతలు కూడా చెప్పేడు.”

“మిగతాది ఏం రాశారు?”

“నాకు ఇంగిలీషొచ్చా? మీ ఊళ్ళో చూసే డాక్టరుకి చూపించమన్నారు.”

“చూపించేవా?”

“అచ్యుతరావుగారికి చూపిస్తే సాయంత్రానికి అన్ని లంకల్లోనూ చెప్పేస్తాడు. అన్న చెవినీ పడుద్ది.” పోలయ్య గొంతు తగ్గించాడు. “బస్సు దిగి ఆయన దగ్గర సీసా తీసుకున్నప్పుడు నా జేబులోనే ఉంది వదినా. తియ్యలేదు.”

“ఒక్క మాట దాచుదామని మొత్తం కాయితం దాచేవు.”

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని పోలయ్యకు అనిపించింది. దోనె అడుగుపలక ఎత్తి, చుట్టల రేకుడబ్బా తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం ఆమె చేతికిచ్చాడు.

*

లంకలో ఇంగ్లీషు చదవగలిగింది బడి పంతులు యోబు ఒక్కడే. మద్రాసు నుంచి రాష్ట్రం విడిపోయిన ఏడు వచ్చి చేరాడు. పిల్లల్ని ఎక్కాలు అప్పజెప్పుకోమని చెప్పి అతను వసారాలోకి వచ్చాడు. కాయితం మొదట మనసులో చదువుకున్నాడు. రెండోసారి చదివేటప్పుడు అతని మొహం మారింది.

“మంగాయమ్మగారూ, ఆయనకి వాంతులవుతున్నాయా?”

“అవునండి.”

“చూపులో ఏమైనా తేడా ఉందా?”

“అంతా పసుప్పచ్చగా ఉందంటున్నారండి. మీకెలా తెలిసింది?”

“ఇందులో ఉందమ్మా.” అతను వేలు పెట్టి చూపించాడు, ఆమెకు చదువు రాదన్న సంగతి మరిచిపోయి. “వాంతులైనా, చూపు మారినా, నాడి తగ్గినా మాత్రలు ఆపేసి వెంటనే తీసుకురమ్మన్నారు. దీనికి పైన ఇంకొక మాట ఉంది. రోగి ఇంతకుముందు ఊళ్ళో ఏదో సీసా మందు తాగేవాడు. అందులో ఏముందో మాకు తెలియదు. మా మాత్రల్లో ఉన్న మందే అందులోనూ ఉండొచ్చు. కనక అది పూర్తిగా మానెయ్యాలి. ఊరి వైద్యుడు ఇది గమనించాలి, అని రాశారు.”

“ఏ మందండీ?”

“డిజిటాలిస్ అని పేరుంది. పేరు చదవగలను గానీ అదేమిటో నాకు తెలియదమ్మా. సీసాలో అదే ఉందో లేదో అచ్యుతరావుగారే చెప్పాలి. మాత్రల డబ్బా, సీసా, కాయితం, మూడూ తీసుకెళ్ళండి. ఉత్త నోటిమాటగా చెప్పొద్దు. మూడూ ఆయన ముందు పెట్టండి.”

“మళ్ళీ ఒకసారి చెప్పండి మేస్టారూ.”

యోబు మళ్ళీ చెప్పాడు. ఆమె ప్రతి మాటా తిరిగి అప్పజెప్పింది. లోపల పిల్లలు పదమూడో ఎక్కం చదువుతున్నారు.

*

గుండుగొలను రేవుకు గంటన్నర పట్టింది. దారి పొడుగునా పోలయ్య గెడ వేస్తున్నాడు, మంగాయమ్మ మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అచ్యుతరావు కళ్ళజోడు తుడుచుకుని, మొదట సీసా చూసి నవ్వాడు.

“ఇది నేను తాడేపల్లిగూడెం నుంచి సరుకు తెప్పించి కలిపిన మందమ్మా. దీనివల్ల వాంతులేమిటి? ఏడాదిగా వాడుతున్నాడు.”

“అందులో ఏముందండీ?”

“అది వైద్యుడి సంగతి. నీకెందుకు?”

మంగాయమ్మ మాత్రల డబ్బా సీసా పక్కన పెట్టింది. డబ్బా పక్కన కాయితం విప్పి పరిచింది.

అచ్యుతరావు చదివాడు. డబ్బా మీది పేరు చూశాడు. మళ్ళీ చదివాడు. బల్ల మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. బయట ఎవరో మందుకోసం వచ్చి, “డాక్టరుగారండీ,” అని పిలిచారు. పలకలేదు.

“రెండూ ఒకటే,” అన్నాడు కాసేపటికి. “నా సీసాలో ఉన్నదీ, ఈ మాత్రలో ఉన్నదీ ఒకటే మందమ్మా. గుండెకి బలం ఇచ్చేదే. మోతాదు మించితే ఆ గుండెనే అణిచేస్తుంది. పన్నెండు రోజులుగా అతను రెండింతలకి పైగా తాగుతున్నాడు.”

పోలయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“ఆవేళ నేను నిన్నడిగేను,” అన్నాడు అచ్యుతరావు అతనితో. “ఆసుపత్రిలో ఏమిచ్చేరని. బిళ్ళలన్నావు. ఏం బిళ్ళలని నేనూ అడగలేదు. నువ్వు కాయితం తియ్యలేదు, నేను చెయ్యి చాపలేదు.”

సంచీ సర్దుకుని తనే ముందుగా రేవుకు నడిచాడు.

*

ఎండ వాలకముందే నత్తలంక చేరారు. అచ్యుతరావు పెద్దింటయ్య మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి లెక్క పెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ పెట్టాడు.

“నాడి నలభై నాలుగే కొడుతోంది,” అన్నాడు. “సీసా వద్దు, మాత్ర వద్దు. ఏదీ వెయ్యకండి. మనిషిని కదలనివ్వకండి. ఇవాళ ఇంక బస్సు లేదు, తెల్లారగానే మొదటి బస్సుకి ఏలూరు తీసుకెళ్ళాలి. నేను ఏమిచ్చేనో, ఎంతిచ్చేనో అంతా ఉత్తరం రాసిస్తాను. బస్సు కాడ నేనుంటాను.”

బడి వదిలాక యోబు కూడా వచ్చాడు. ఎప్పటిలాగే వాకిట్లో నిలబడ్డాడు. ఇన్నాళ్ళలో ఏనాడూ అతన్ని లోపలికి రమ్మనని నూకాలమ్మ పీట తెచ్చి మంచం పక్కన వేసింది.

“కూచోండి మేస్టారూ. కాయితంలో తినేవాటి సంగతేం రాశారో నాకు కూడా చదివి చెప్పండి. అందరిలోకీ చివర నేనే తెలుసుకోవాలా?”

యోబు చదివాడు. ఉప్పు కూడదు. ఉప్పుచేప, ఊరగాయ కూడదు. నూకాలమ్మ వింటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అత్త పక్కకి వచ్చి మంగాయమ్మ కూర్చుంది. “నేను చెప్పవలసిందత్తా,” అంది. నూకాలమ్మ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది.

యోబు కాయితం మడవబోయాడు.

“ఇంకా ఉంది కదండీ,” అన్నాడు పెద్దింటయ్య.

పడుకునే ఉన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారంతా.

“అంతేనండి. మిగతావి డాక్టర్ల మాటలు.”

“కాయితం చుట్టల వాసనేస్తోంది. తిండి మాటే అయితే మా తమ్ముడు దాన్ని చుట్టల డబ్బాలో దాచడు మేస్టారూ. ఆ మిగతాది చదవండి.”

యోబు మంగాయమ్మ వైపు చూశాడు. ఆమె పోలయ్య వైపు చూసింది. పోలయ్య నేల వైపు చూస్తున్నాడు.

“చదవండి మేస్టారూ,” అంది మంగాయమ్మ. “ఆయన సంగతే కదా అది.”

యోబు ఒక్కొక్క మాటా తెలుగు చేసి నెమ్మదిగా చెప్పాడు. గుండె బాగా దెబ్బతింది. పడవ నడపరాదు. వల లాగరాదు. బరువు మొయ్యరాదు. ఇంటిపట్టున, నీడలో చేసుకునే చిన్న పని ఏదైనా చెయ్యొచ్చు.

పెద్దింటయ్య వాసాల వైపు చూస్తూ విన్నాడు.

“ఎన్నాళ్ళని రాశారండీ?”

“అది రాయలేదండి.”

“మంచిది.”

అచ్యుతరావు ఉత్తరం రాసి, సంతకం చేసి, ఆరేదాకా ఊది మంగాయమ్మకిచ్చాడు. పొరుగాయన దోనెలో ఆయన్ని దింపడానికి యోబు కూడా వెళ్ళాడు. ఇంట్లో నలుగురూ మిగిలారు.

“నీకు పన్నెండు రోజుల్నించి తెలుసన్నమాట,” అన్నాడు పెద్దింటయ్య.

“అన్నా...”

“నేను రేవు కాడ కూచుని దోనె సంగతి చెప్పేను. మూరలు చెప్పేను. ముక్కు ఎలా చెక్కించాలో చెప్పేను. నువ్వు ఊఁ కొట్టేవు.”

“నిన్ను బాధపెట్టలేకపోయేనన్నా.”

“బాధ సరేరా. నా ఒంట్లో ఉన్నది మీ అందరికీ తలా ఒక ముక్కా తెలుసు. నాకే తెలీదు.”

అతను గొంతు పెంచలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి పోలయ్య అన్నం తినలేదు. రెండుసార్లు పిలిచి నూకాలమ్మ కూడా ఊరుకుంది.

*

తెల్లవారుతుండగా రేవులో దోనె సిద్ధం చేశారు. అడుగున గడ్డి పరిచి, పైన దుప్పటి వేసింది మంగాయమ్మ. సీసా, డబ్బా, రెండు కాయితాలూ ఒకే గుడ్డలో మూటకట్టింది. నూకాలమ్మ ఉప్పు వెయ్యని గంజి చెంబులో పోసి మూత పెట్టింది.

పోలయ్య మోకాలి లోతు నీళ్ళలో దోనె అంచు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దింటయ్య నెమ్మదిగా నడిచి వచ్చాడు. దోనె ఎక్కుతూనే, పాతికేళ్ళుగా చేస్తున్నట్టే, చెయ్యి దానంతటదే గెడ మీదికి పోయింది. గెడ ఎత్తి నిలబడ్డాడు.



పోలయ్య చెయ్యి చాచాడు. “ఇలా ఇవ్వన్నా. నేనూ వస్తాను. డాక్టరుగారితో నేనే చెబుతాను, తప్పు నాదని.”

“డాక్టరుతో నేను మాట్టాడతాను. ఏం చెప్పినా నా మొహం మీదే చెబుతాడు.”

“గెడ ఎవరేస్తారు మరి?”

పెద్దింటయ్య కాసేపు నీళ్ళ వైపు చూశాడు. ఈరోజు అతనికవి ఏ రంగులో కనపడుతున్నాయో ఎవరూ అడగలేదు. వెనక్కి తిరిగి గెడ మంగాయమ్మకు అందించాడు.

“నువ్వు వెయ్యి. నీకొచ్చుగా.”

మంగాయమ్మ మరిది చాచిన చెయ్యి చూసింది. గెడ అందుకోవడానికి ఒక్క క్షణం తటపటాయించింది. అందుకుంది.

“నువ్వు పొరుగాయన దోనెలో వెళ్ళి వలలు ఎత్తరా,” అన్నాడు పెద్దింటయ్య, గడ్డి మీద కూర్చుంటూ. “పొద్దెక్కుతోంది. ఇకనుంచి అవి నీవే.”

అది నమ్మకంతో అప్పగించడమో, దూరం పెట్టడమో పోలయ్యకు తెలియలేదు. అన్న గొంతు రోజూ ఉన్నట్టే ఉంది. అడుగుదామని నోరు తెరిచేసరికి దోనె రేవు విడిచింది.

మంగాయమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. పెద్దింటయ్య తిరగలేదు.